మమ్మల్ని అడగండి, మిమ్మల్నీ అడగనివ్వండి: సంఘ పెద్దలకు ఒక విశ్వాసి బహిరంగ లేఖ

సంఘ పెద్దలకు, కాపరులకు, పరిచర్యలో ఉన్న సహోదరులకు, సహోదరీలకు,

ప్రభువు నామంలో వందనాలు. ఈ లేఖ ఏ ఒక్క సంఘాన్నో ఉద్దేశించి రాసింది కాదు. ఎక్కడ పెద్దరికం చేస్తున్నవారైనా తమకే వచ్చిందనుకుని చదవమని మనవి. నేను ప్రసంగాలు చేసేవాణ్ణి కాదు, వేదాంత కళాశాలలో చదివినవాణ్ణీ కాదు. 20 ఏళ్లకు పైగా విశ్వాసిగా ఉన్నాను. అందులో చాలా ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇందులో రాసిన నా సంగతులన్నీ నా భార్యకు చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే బయటపెడుతున్నాను.

పిల్లలకు దానియేలు గురించి, యోసేపు గురించి చెబుతున్న రోజుల్లోనే నేను నాలుగేళ్లపాటు ఎవరికీ తెలియని అప్పుల్లో ఉన్నాను. ఇంటి అవసరాలకు చేసిన అప్పులు కావు. ఫోన్‌లో ఆడే పందేలకు చేసినవి. పోయింది రాబట్టుకుందామని ఆడటం, ఆడటానికి మళ్లీ అప్పు చేయడం. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఎవరో ఒకరు చెయ్యి కలిపి "బాగున్నారా బ్రదర్?" అనేవారు. "దేవుని కృప, బాగున్నాం" అనేవాణ్ణి. మధ్యవారం ప్రార్థన కూడికలో ఒకసారి తెగించి, "చెప్పుకోలేని అవసరం ఒకటుంది, ప్రార్థన చేయండి" అన్నాను. అందరూ కళ్లు మూసుకుని మనసారా ప్రార్థించారు. కూడిక అయ్యాక ఆ అవసరం ఏమిటని ఒక్కరూ అడగలేదు. వాళ్లను తప్పుపట్టను. అడగకపోవడమే మర్యాద అని మనమందరం ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నాం. నాకైతే ఆ రాత్రి ఎవరైనా అడిగితే బాగుండునని ఎంత అనిపించిందో మాటల్లో చెప్పలేను.

చివరికి అడిగినాయన సంఘంలో ఏ పదవీ లేని ఒక పెద్ద వయసు సహోదరుడు. ఇద్దరం కలిసి ఇంటికి నడుస్తుంటే ఆగి, "తమ్ముడూ, నీ ముఖం బాగాలేదు. డబ్బు గొడవా, ఇంట్లో గొడవా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆయన కదల్లేదు. అప్పుడు తన గురించి చెప్పాడు. చాలా ఏళ్ల కిందట తాను దాచిన ఒక తప్పు, దాన్ని దాచడానికి ఆడిన అబద్ధాలు. అది ఏమిటో ఇక్కడ రాయను, అది ఆయనది. ఆయన చెప్పడం ముగించేసరికి నేను దాచుకోవడానికి కారణమేదీ మిగల్లేదు. రోడ్డు పక్కన నిలబడి అంతా చెప్పేశాను. ఆయన వాక్యం ఎత్తి ప్రసంగం చేయలేదు. "మీ ఆవిడకి ఎప్పుడు చెబుతావు? నేనూ పక్కన కూర్చుంటాను" అన్నాడు. ఆ తర్వాత ప్రతి శనివారం రాత్రి ఫోన్. ఒకటే ప్రశ్న: "ఈ వారం ఆడావా?" రెండుసార్లు ఆడానని చెప్పాల్సి వచ్చింది. ఆ రెండుసార్లూ మరుసటి రోజు ఉదయమే ఇంటికి వచ్చాడు.

ఇక్కడితో ఆగితే ఇది సాక్ష్యం అవుతుంది, లేఖ రాయాల్సిన పనే లేదు. కానీ తర్వాత ఇంకొకటి జరిగింది. పిల్లలకు బోధించేవాణ్ణి కాబట్టి పెద్దలకు చెప్పడం న్యాయమనిపించి, నేనే వెళ్లి ఒక పెద్దతో చెప్పాను. రెండు వారాలు తిరక్కుండానే స్త్రీల కూడికలో అది ప్రార్థన మనవిగా వచ్చింది: "మన సండే స్కూల్ టీచర్లలో ఒకాయన జూదంలో పడ్డారు, పేరు చెప్పను, ప్రార్థన చేద్దాం." మా సండే స్కూల్లో మగ టీచర్లం ఇద్దరమే. ఆ గదిలో నా భార్య కూర్చుని ఉంది. ఆమె ఆ తర్వాత ఏడాది దాకా ఆ కూడికకు వెళ్లలేదు.

ఒకే ఒప్పుకోలు. ఒకచోట నన్ను బతికించింది, ఇంకొకచోట నా ఇంటిని గాయపరిచింది. రెండింటికీ తేడా ఎక్కడుందా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ వృద్ధ సహోదరుడు నన్ను అడిగే ముందు తనను తాను నా చేతిలో పెట్టాడు. నా రహస్యం ఆయన దగ్గర ఉంది, ఆయనది నా దగ్గర ఉంది. ఆ పెద్ద మాత్రం పైనుంచి విన్నారు. ఆయన్ని అడిగేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి ఆ మాట బయటికి వెళ్లినప్పుడు కూడా ఆయన్ని ఎవరూ అడగలేదు.

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాశాడు. ఒకడు చెప్పాలి, ఇంకొకడు వినాలి అని రాయలేదు. కొత్త నిబంధన గ్రీకులో ఈ "ఒకనికొకడు" అనే మాట, అల్లేలోన్, సుమారు 100 చోట్ల వస్తుంది. ఒకనినొకడు ప్రేమించండి, చేర్చుకోండి, క్షమించండి, ఒకనికొకడు బుద్ధి చెప్పుకోండి, ఒకని భారములనొకడు భరించండి. వీటిలో ఏదీ ఒంటరిగా ఇంట్లో కూర్చుని చేయగలిగేది కాదు. వరుసల్లో కూర్చుని ముందువాడి వీపు చూస్తూ పాట పాడి వెళ్లిపోతే కూడా జరిగేది కాదు. మనం వారానికి ఎన్ని కూడికలు పెడుతున్నామో లెక్కేసుకుంటాం. ఆ కూడికల్లో ఈ మాటలు నెరవేరడానికి ఎక్కడ చోటుందో ఒకసారి చూడండి. ఆరాధనలో లేదు. ప్రసంగంలో లేదు. ప్రార్థన మనవుల్లో కొంత ఉండాల్సింది, అవి కూడా ఉద్యోగాలకీ పరీక్షలకీ ఆరోగ్యాలకీ పరిమితమైపోయాయి. పాపం గురించిన మనవి నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు, చాటుగా ఇంకొకరి గురించి చెప్పింది తప్ప.

ఇదేదో కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. 1727లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్లనే ప్రొటెస్టెంట్ విశ్వాసులు పెద్ద గొడవల్లోంచి బయటపడి మళ్లీ ఒకటైనప్పుడు, చిన్న చిన్న గుంపులుగా కలుసుకుని మనసు విప్పి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ 1738లో అక్కడికి వెళ్లి చూసి వచ్చాడు. ఆ ఏడాది డిసెంబరులోనే తన వాళ్ల కోసం చిన్న బృందాలకు నియమాలు రాశాడు. వారానికొకసారి కలవాలి. కలిసినప్పుడు ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది, పోయిన కూడిక తర్వాత తెలిసి ఏ పాపాలు చేశారు అని. తర్వాత, ఏ శోధనలు వచ్చాయి, వాటి నుంచి ఎలా తప్పించుకున్నారు, తప్పో ఒప్పో తెలియక సందేహిస్తున్నది ఏమైనా ఉందా. నన్ను ఇంకా కదిలించేది, బృందంలో చేరకముందే అడిగే ప్రశ్న: మీ తప్పులు మీకు చెప్పాలని మీరు కోరుకుంటున్నారా? ముందు ఈ ప్రశ్నకు అవునన్నవాళ్లే లోపలికి వచ్చేవారు. ఎవరినీ బలవంతంగా నిలబెట్టి విచారించింది లేదు.

వెస్లీ వాళ్ల పెద్ద బృందాల కథ ఇంకా నాకు దగ్గరగా ఉంటుంది, అది అప్పుతోనే మొదలైంది కాబట్టి. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీర్చాలి. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని అనుకున్నారు. చాలామంది పేదవాళ్లు, ఇవ్వలేరు. అప్పుడు ఫాయ్ అనే ఓడ కెప్టెన్ లేచి, అందరికన్నా పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వాళ్ల దగ్గరికి వెళతాను, ఇవ్వగలిగితే సరే, లేకపోతే వాళ్ల వంతు కూడా నేనే ఇస్తాను అన్నాడు. అలా పన్నెండేసి మంది గుంపులయ్యాయి. డబ్బు కోసం ఇళ్లకు వెళ్లిన నాయకులకు అక్కడ మనుషులు ఎలా బతుకుతున్నారో కనబడింది. ఇంట్లో కొట్లాటలు, తాగుడు, ఆదివారం మందిరంలో ఎప్పటికీ కనబడనివి. ఆత్మల్ని కాయడానికి ఇదే దారి అని వెస్లీకి అప్పుడు అర్థమైంది. పేదవాడి ఇంటి గుమ్మం తొక్కాక తెలిసింది అది, ప్రసంగ పీఠం మీద నిలబడి కాదు. మన పెద్దలు మా ఇళ్లకు ఎప్పుడు వస్తారు? గృహప్రవేశానికి, పుట్టినరోజు ప్రార్థనకు, చావుకి. మామూలు మంగళవారం సాయంత్రం ఊరికే వచ్చి "ఎలా ఉన్నావు, నిజంగా చెప్పు" అన్నవాళ్లు ఎంతమంది?

రహస్యం సంగతి ముందు తేల్చుకోకపోతే ఈ మాటలేవీ పనిచేయవు. ప్రార్థన మనవి ముసుగులో చాడీ చెప్పడం మన మధ్య చాలా మామూలైపోయింది. "ఫలానా సిస్టర్ కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి" అనగానే పక్కవారు దగ్గరికి జరిగి "ఏమైంది?" అంటారు. భారంగా చెప్పిన మాట గాలికంటే తేలిగ్గా ఊరంతా తిరుగుతుంది. జర్మనీలో 1935 నుంచి ఫింకెన్‌వాల్డ్‌లో డీట్రిక్ బోన్‌హోఫర్ యువ పాస్టర్లకు శిక్షణ ఇచ్చేవాడు. 1937లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టాపో ఆ శిక్షణాలయాన్ని మూసేసింది. అక్కడ ఆయన విద్యార్థుల ముందు పెట్టిన నియమం ఒకటుంది: ఒక సహోదరుడు లేనప్పుడు అతని గురించి మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ సంగతి అతనికి వెళ్లి చెప్పాలి. ప్రసంగాల నుంచి, వాక్య పాఠాల నుంచి ఎంత నేర్చుకున్నారో, ఈ ఒక్క నియమాన్ని పాటించబోయి విఫలమై, మళ్లీ పాటించబోయి దాదాపు అంతే నేర్చుకున్నారని అక్కడ చదివిన ఒకాయన తర్వాత రాశాడు. దీన్ని మన పెద్దల కూటం గోడ మీద రాసి పెట్టుకోమని అడగను. పాటించమని అడుగుతున్నాను. నాతో చెప్పిన మాట నా అనుమతి లేకుండా భార్యతో గాని, పాస్టరమ్మ గారితో గాని, ప్రార్థనలో దేవునితో బిగ్గరగా గాని చెప్పకూడదు.

అయితే రహస్యానికి ఒక హద్దుంది. ఇది మీరు చాలా జాగ్రత్తగా వినాలి. ఒక బిడ్డ మీద అఘాయిత్యం జరిగినా, ఒక స్త్రీని ఇంట్లో కొడుతున్నా, ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉన్నా, అది నాలుగు గోడల మధ్య ప్రార్థించి సర్దుబాటు చేసే విషయం కాదు. పోలీసులకు చెప్పాలి. మత్తయి 18 తీసి, "నీవు ముందు ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడమ్మా" అని దెబ్బలు తిన్నదాన్ని కొట్టినవాడి దగ్గరికే పంపినవాళ్లున్నారు. ప్రభువు ఆ మాట చెప్పింది దానికి కాదు. ఆ అధ్యాయం మొదటే చూడండి, చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో ముంచడం మేలన్నాడు. రోమా 13లో అధికారులు తప్పుచేసేవారికి భయం కలిగించడానికి దేవుడు పెట్టినవారని పౌలు రాశాడు. సంఘం పరువు పోతుందని వాళ్ల దగ్గరికి వెళ్లకుండా ఆపితే, పరువు కాపాడుకోవడానికి ఒక బిడ్డను బలిచ్చినట్టే.

మిగతా తప్పుల విషయంలో మత్తయి 18 ఎంత మృదువైనదో మనం గమనించం. ఒంటరిగా వెళ్లి గద్దించమన్న పదిహేనో వచనానికి ముందు తప్పిపోయిన గొర్రె ఉంది, తొంభై తొమ్మిదింటిని కొండల మీద విడిచి ఒక్కదాన్ని వెదికే కాపరి. ఆ మాటలు ముగిసిన వెంటనే పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడగడం, డెబ్బది ఏళ్ల మారుల మట్టుకని, అంటే డెబ్బై ఏడుల సార్లని, ప్రభువు చెప్పడం. వెతకడానికీ క్షమించడానికీ మధ్యలో పెట్టాడు ప్రభువు గద్దింపుని. మన సంఘాల్లో అది వెలివేతగా మారిపోయింది. ఒకతను తాగుడు మానలేక సంఘానికి రావడం మానేస్తే "వెనకబడిపోయాడు" అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు ఒకణ్ణి వేరుచేయమన్నాడు నిజమే. రెండో పత్రికలో, అతనికి కలిగిన శిక్ష చాలు, ఇప్పుడు క్షమించి ఆదరించండి, లేకపోతే అతడు అధిక దుఃఖంలో మునిగిపోతాడేమో అని రాసిందీ ఆయనే. మొదటి పత్రిక మాత్రమే చదివినట్టు ఎందుకు ప్రవర్తిస్తాం?

ఇక మీ గురించి. ఇంతవరకు రాసింది మామూలు విశ్వాసుల సంగతి. మాకు లెక్క అడిగేవాళ్లు లేకపోవడం వల్ల మేము పడిపోతాం, మా ఇల్లు పడిపోతుంది. మీకు లెక్క అడిగేవాళ్లు లేకపోతే సంఘమంతా పడిపోతుంది, ఆ శిథిలాల కింద పిల్లలుంటారు.

కాపరిని ఏదైనా అడగగానే వినిపించే వాక్యం, "నేనభిషేకించినవారిని ముట్టకూడదు". ఆ మాట 105వ కీర్తనలో ఉంది. దాని చుట్టూ ఉన్న వచనాలు చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు దేశాలు తిరిగే కొద్దిమంది పరదేశులుగా ఉన్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి అది. బలవంతుల చేతిలోంచి బలహీనుల్ని కాపాడిన మాటను, బలవంతుణ్ణి ఎవరూ ప్రశ్నించకుండా కాపాడే మాటగా వాడుతున్నాం. అభిషిక్తుని మీద చెయ్యి వేయనన్న దావీదు ఏం చేశాడో గుర్తు చేసుకోండి. గుహలో రాజైన సౌలు బట్ట చెంగు కోశాడు, ప్రాణం తీయలేదు. కానీ ఊరుకోలేదు కూడా. బయటికి వచ్చి, సైన్యం ముందే కేకవేసి, ఆ చెంగు చూపించి, నేనేం తప్పు చేశానని నన్ను తరుముతున్నావని అడిగాడు. అదే దావీదు రాజయ్యాక ఊరియా విషయంలో పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు అతన్ని చెరసాలలో వేయించలేదు. నేను పాపం చేశానన్నాడు.

సమూయేలు ముసలివాడై పెద్దరికం దిగేటప్పుడు జనమంతటి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం తీసుకుని కళ్లు మూసుకున్నానా, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. ఎవరూ అడక్కముందే తానే అడిగాడు. నేను చాలా సంఘాల్లో వీడ్కోలు సభలు చూశాను. శాలువాలు కప్పడం, పొగడ్తలు. ఈ ప్రశ్న అడిగిన దైవజనుణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

పేతురు కొర్నేలీ ఇంటికి వెళ్లి అన్యులతో భోజనం చేశాడని యెరూషలేములో కొందరు ఆయన్ని నిలదీశారు. ప్రభువు పేరు పెట్టి పిలిచిన అపొస్తలుడు, పెంతెకొస్తు దినాన తన ప్రసంగంతో మూడు వేల మందిని విశ్వాసంలోకి నడిపినవాడు. "నన్నే అడుగుతారా?" అనలేదు. మొదటినుంచి వరుసగా వివరించాడు, తనతోపాటు వెళ్లిన ఆరుగురు సహోదరుల్ని కూడా తీసుకొచ్చాడు. విన్నవాళ్లు శాంతించి దేవుణ్ణి మహిమపరిచారు. అక్కడ పేతురు చేసింది సరైనదే. తర్వాత అంతియొకయలో అదే భోజనం విషయంలో పేతురు వెనక్కి తగ్గి తప్పు చేశాడు. పౌలు అందరి ముందూ ముఖాముఖిగా ఎదిరించాడు. పేతురు రెండో పత్రిక చివర్లో ఆ పౌలునే "మన ప్రియ సహోదరుడైన పౌలు" అంటాడు. సరిగా చేసినప్పుడూ జవాబు చెప్పాడు, తప్పు చేసినప్పుడూ గద్దింపు విన్నాడు, గద్దించినవాణ్ణి ప్రియుడని పిలిచాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉన్నాయి.

డబ్బు దగ్గరికి వస్తే సూటిగా అడుగుతాను. కానుకల పెట్టె ఎవరు తెరుస్తారు, ఎవరు లెక్కపెడతారు? ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లా? ఏడాదికొకసారైనా వచ్చిందెంత, పోయిందెంత అని సంఘం ముందు చదువుతారా? ఎజ్రా బబులోను నుంచి వెండి బంగారాలు తెచ్చేటప్పుడు బయలుదేరేముందు యాజకుల చేతికి తూచి అప్పగించాడు, యెరూషలేములో మళ్లీ తూచి, లెక్క రాసి దించాడు. దారిలో కాపలాకి రాజు సైన్యాన్ని అడగడానికి సిగ్గుపడి దేవుణ్ణే నమ్మిన మనిషి ఆయన. దేవుణ్ణి నమ్మాడు కాబట్టి త్రాసు అక్కర్లేదనుకోలేదు. యూదయలోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు కూడా ఒక్కడే తీసుకువెళ్లలేదు. తీతును, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి, ఇంకొకరిని జతచేశాడు, ప్రభువు దృష్టికే కాదు మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని. లెక్క అడిగితే "మీకు నా మీద నమ్మకం లేదా?" అంటారు కొందరు. నమ్మకం లేకపోతే ఇచ్చేవాళ్లం కాదు. మీ మీద ఎవరూ మాట అనకుండా ఉండాలనే అడుగుతున్నాం.

అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం 1948లో కాలిఫోర్నియాలోని మోడెస్టోలో తన ముగ్గురు సహచరులతో కూర్చుని, సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోతున్నారో రాసుకుని రమ్మన్నాడు. అందరి కాగితాల్లోనూ దాదాపు అవే వచ్చాయి: డబ్బు, స్త్రీల విషయం, స్థానిక సంఘాల్ని చులకన చేయడం, సభలకు వచ్చిన జనం సంఖ్య పెంచి చెప్పడం. వాటిలో పడకుండా ఉండేందుకు ఒక ఒప్పందానికి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు. ఏ కుంభకోణమూ బయటపడక ముందే, ఇంకా పేరు వస్తున్న రోజుల్లోనే చేసుకున్న ఏర్పాటు అది. మన దగ్గర ఏదైనా బయటపడ్డాకే కమిటీ వేస్తాం.

ఫిర్యాదు చేసినవాళ్లను ఎలా చూస్తామన్నది కూడా ఇందులో భాగమే. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో, గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల భాష మాట్లాడేవాళ్ల చేతికే పంపకం ఇచ్చినట్టు కనబడుతుంది. ఈ రోజుల్లో ఎవరైనా ఒక పేద విధవరాలు ఇలాంటి మాట అంటే, ఆమెలో సణుగుడు ఆత్మ ఉందని ప్రార్థన చేస్తాం. ఈ పోలిక తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంత చెప్పాక ఒక భయం కూడా చెప్పాలి. లెక్క అడగడం అనేది పెత్తనంగా మారడానికి ఎంతో సమయం పట్టదు. 1970ల్లో అమెరికాలో ఐదుగురు పేరున్న బోధకులు మంచి ఉద్దేశంతోనే ఇది మొదలుపెట్టారు. ప్రతి విశ్వాసికీ ఒక వ్యక్తిగత కాపరి ఉండాలన్నారు. కొన్నాళ్లకు పెళ్లి చేసుకోవాలన్నా, ఉద్యోగం మారాలన్నా, ఇల్లు మారాలన్నా ఆ కాపరి అనుమతి కావాల్సి వచ్చింది. కుటుంబాలు నలిగిపోయాయి. ఆ ఐదుగురిలో ఒకడైన బాబ్ మమ్‌ఫోర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ అడిగాడు. అక్కడ లెక్క కిందినుంచి పైకి మాత్రమే వెళ్లింది. పైవాడు కిందివాడికి జవాబుదారీ కాలేదు. గలతీ ఆరో అధ్యాయంలో పౌలు "ఒకని భారముల నొకడు భరించి" అన్న కొద్ది వచనాలకే ప్రతివాడూ తన బరువు తానే మోసుకోవాలి అంటాడు. గ్రీకులో అవి రెండు వేరు మాటలు. ఒకటి మనిషిని నేలకు వంచేసే భారం, రెండోది ఎవరి భుజాన వాళ్లు మోయాల్సిన మూట. నా జూదం భారం. దాన్ని మోయడానికి నాకు ఇంకొకరు కావాలి. నా కూతురు ఏం చదవాలి, నేను ఏ ఇంట్లో ఉండాలి అన్నది నా మూట. దాన్ని నా భుజం మీద నుంచి లాక్కోవద్దు.

కాబట్టి నేను అడుగుతున్నది పెద్ద కార్యక్రమం కాదు. దానికి పేరు పెట్టొద్దు, బ్యానర్ వేయొద్దు, ఎంతమంది చేరారో లెక్క చదవొద్దు. ఇష్టమున్న ముగ్గురు నలుగురు, మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో, వారానికో పదిహేను రోజులకో కలవడానికి అడ్డు చెప్పకండి. మేము ముగ్గురం రెండేళ్లుగా అలా కలుస్తున్నాం. ఒకచోట మా సంగతి తెలిసి, పెద్దలు లేకుండా ఎందుకు కూడుతున్నారు, విడిపోయే ఆలోచనా అని అడిగారు. విడిపోకుండా ఉండటానికే కూడుతున్నాం. మా ప్రశ్నలు కూడా సాదావి. భార్యతో పిల్లలతో ఈ వారం ఎలా మాట్లాడావు? డబ్బు విషయంలో ఏదైనా దాచావా? ఫోన్‌లో ఏం చూశావు? ఎవరి మీద కోపం పెట్టుకున్నావు? చివర్లో, ఇప్పుడు చెప్పిన జవాబుల్లో ఏదైనా అబద్ధముందా? ఆ ఆఖరి ప్రశ్నకే మాకు చాలాసార్లు కన్నీళ్లు వచ్చాయి.

మీలో ప్రతి ఒక్కరికీ అలాంటి ఇద్దరు ఉండాలి. మీ జీతం నిర్ణయించేవాళ్లు కాకూడదు, మీ మీద ఆధారపడినవాళ్లు కాకూడదు, మీ బంధువులు కాకూడదు. వాళ్లెవరో సంఘానికి తెలియాలి. ఏం మాట్లాడుకుంటారో మాకు అక్కర్లేదు. మీకు అలాంటివాళ్లు ఉన్నారని తెలిస్తే చాలు, మేము మీ దగ్గరికి ధైర్యంగా వస్తాం. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయంలో నాయకులకు లోబడమని మాకు చెప్పిన వచనంలోనే, వాళ్లు మా ఆత్మల విషయం లెక్క అప్పచెప్పాల్సినవారని ఉంది. మీ మీద ఉన్న ఆ బరువు మాకు తెలియక కాదు. ఎవరితోనూ చెప్పుకోలేక మీలో ఎంతమంది రాత్రిళ్లు ఒంటరిగా ఏడుస్తున్నారో కూడా కొంత ఊహించగలను. కాపరికి కూడా కాపరి కావాలి. టెన్షన్‌తో, నిద్ర లేకుండా, ఎప్పుడూ నవ్వుతూ ఉండాల్సిన మనిషి పడిపోతే మనం ఆశ్చర్యపోతాం. అంతకు ముందు అతన్ని ఎవరూ అడగలేదన్నదానికి ఆశ్చర్యపోం.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. నా సండే స్కూల్లో చదువుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఈ నాలుగు మాటలు అతని అనుమతితోనే రాస్తున్నాను. ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి "అంకుల్, ఎవరికీ చెప్పరు కదా?" అన్నాడు. చెప్పనన్నాను. రెండు గంటలు మాట్లాడాడు. లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మన పెద్దల్లో ఎవరికైనా చెప్పొచ్చా? వాళ్లు కూడా మీలాగే దాచుకుంటారా?" అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను. అతను ఇంకా అడుగుతున్నాడు. మీ జవాబు కోసం చూస్తున్నాను.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక విశ్వాసి